లాభం మాట వదిలేయండి, మూసిన షాపు తేదీ పట్టుకోండి

ప్రశ్న: మాది భీమవరం. 2023 ఆగస్టు 17న ఒక టీ కంపెనీ ఫ్రాంచైజీకి సంతకం చేశాను. ఫీజు 6 లక్షలు, షాపు తయారుచేసి తాళాలు ఇవ్వడానికి మరో 9 లక్షలు తీసుకున్నారు. ‘మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు, నెలకు 80 వేలు మిగులుతాయి’ అన్నారు. ఏ నెలా 20 వేలు దాటలేదు. మా ఆవిడ నగలు బ్యాంకులో ఉన్నాయి, రాత్రుళ్లు నిద్ర లేదు. బాగా నడుస్తున్న షాపులంటూ సంతకానికి ముందు వాట్సాప్‌లో లిస్టు పంపారు. 2024 ఫిబ్రవరిలో తణుకు వెళ్తే, అందులోని షాపు నేను సంతకం చేయకముందే మూతపడిందని తెలిసింది. నా ఖాళీ చెక్కులు 3 వాళ్ల దగ్గర ఉన్నాయి. చెక్కులకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పి (స్టాప్ పేమెంట్), బోర్డు మార్చి నడుపుకోమని స్నేహితులు అంటున్నారు. నా డబ్బు వస్తుందా?

జవాబు: నాలుగు పేజీల ఉత్తరంలో మీ కేసు ఉన్నది తణుకు షాపు గురించి రాసిన రెండు వాక్యాల్లోనే.

80 వేల మాట మర్చిపోండి. అది రేపటి గురించి వేసిన అంచనా. పైగా మీరు పంపిన అగ్రిమెంటులో ‘లాభానికి హామీ లేదు’ అని స్పష్టంగా ఉంది, కింద మీ సంతకం ఉంది. ఫ్రాంచైజీల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. దాని సెక్షన్ 17 ప్రకారం, అబద్ధమని తెలిసి ఒక విషయాన్ని నిజమని చెప్పి సంతకం చేయించడం మోసం. మూసిన షాపును నడుస్తోందని చెప్పడం సరిగ్గా అదే. ‘తణుకు పక్కనే కదా, వెళ్లి చూసుకోవాల్సింది’ అని వాళ్లు అంటారు. నేరుగా అబద్ధం చెప్పినవాడికి ఆ వాదన పనికిరాదు.

కానీ మోసం తెలిశాక కూడా కంపెనీ పేరు వాడుకున్నందుకు ఇచ్చే రాయల్టీ కడుతూ వచ్చారు, ఒక్క ఈమెయిల్ పెట్టలేదు! ‘తెలిసీ ఒప్పుకున్నాడు’ అని ఎదుటి లాయరు దీన్నే పట్టుకుంటాడు. అప్పుడు ఒప్పందం రద్దు దొరకడం కష్టం కావచ్చు. అందుకే రద్దు అడుగుతూ, అది కుదరకపోతే నష్టపరిహారం ఇప్పించమని కూడా అడగాలి.

ఇక గడువు. మోసం తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లు, అంటే 2027 ఫిబ్రవరి. ఆ ధీమాతో కూర్చోకండి. ఎప్పుడు తెలిసిందో రుజువు చేయాల్సింది మీరే. వాళ్లు సంతకం రోజు నుంచి లెక్కపెడతారు, అలాగైతే 2026 ఆగస్టుతో సరి. ఆ తేదీనే గడువు అనుకోండి. మామూలు లాయరు నోటీసు గడువును ఆపదు. మీ అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది, అంటే తగాదా కోర్టులో కాకుండా ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి ముందు తేల్చుకోవాలి కాబట్టి, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 21 కింద నోటీసు ఇవ్వాలి. అది కంపెనీకి చేరిన రోజున కేసు మొదలైనట్టు లెక్క. నోటీసు చేరినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు పారేయకండి. ఆర్బిట్రేటర్‌ను కంపెనీయే ఒంటరిగా నియమిస్తానంటే ఒప్పుకోనక్కర్లేదు.

మీ స్నేహితుల సలహా మాత్రం చచ్చినా వినొద్దు. స్టాప్ పేమెంట్ ఇచ్చినా చెక్కు బౌన్సు కేసు (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138) పడుతుందని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. ఒప్పందం నడుస్తుండగా పోటీ వ్యాపారం చేయకూడదనే షరతు చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో తేల్చింది. బోర్డు మార్చిన మర్నాడు మోసపోయినవాడు కాస్తా ఒప్పందం తప్పినవాడు అవుతాడు. చెక్కుల సంగతి కూడా ఆ సెక్షన్ 21 నోటీసులోనే రాసి, వాటిని తిరిగి ఇవ్వమని అడగండి. ఇంతలో కంపెనీ ఒక చెక్కు వేసి, అది బౌన్సయి నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లోపు లాయరు దగ్గర ఉండాలి.

ఆ వాట్సాప్ లిస్టు ఉన్న ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ప్రింట్లు చాలవు. చెక్కు కేసు కోర్టుకెళ్తే ఫోన్‌లోని సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. తణుకు షాపు నడిపినాయన దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆయనకు కంపెనీ రాసిన లెటర్లు, షాపు ఖాళీ చేసిన కాగితం అడగండి. ఆయనకు జీఎస్టీ నంబరు ఉండి ఉంటే, పాత బిల్లు మీద దొరుకుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే, ఏ తేదీ నుంచో అక్కడే కనిపిస్తుంది. అది 2023 ఆగస్టు 17 కంటే ముందుదైతే, ఆ పేజీ ప్రింటు తీసుకుని ఈ వారమే మీ లాయరు దగ్గరికి వెళ్లండి.