లేఆఫ్ తరువాత రెజ్యూమె రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉద్యోగం పోయిందని ఫోన్‌లో చెప్పిన మర్నాడే నువ్వు రెజ్యూమె పంపించావు. రెండుసార్లు చదివాను. మొదటి పేజీ పైభాగంలోనే ‘సంస్థ పునర్వ్యవస్థీకరణలో భాగంగా, నా పనితీరుతో ఎటువంటి సంబంధం లేకుండా నన్ను తొలగించారు’ అన్న వాక్యం ఉంది. ముందుగా దానిని తీసేయి. అది నిజమే కానీ, అక్కడ చెప్పవలసిన మాట కాదు. ఏ ఉద్యోగం ఎందుకు ముగిసిందో రెజ్యూమెలో రాయనవసరం లేదు; ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశావో నెల, సంవత్సరంతో రాస్తే చాలు. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, మీ విభాగాన్ని మూసివేశారనీ, అందులో నీ ఉద్యోగమూ పోయిందనీ ఒక్క వాక్యంలో చెప్పి, వారి పని విషయంలోకి వెళ్లిపో.

అలాగని ముగింపు తేదీని దాచవద్దు. నా ఉద్యోగం పోయిన రోజుల్లో నేను ‘నేటి వరకు’ అన్న మాటను మార్చకుండా వదిలేశాను. అబద్ధమాడాలని కాదు, దాన్ని కొట్టివేయడానికి చెయ్యి రాలేదు. ఇంటర్వ్యూ బాగానే జరిగింది కానీ, పాత సంస్థ నుంచి వివరాలు తెప్పించుకున్నప్పుడు తేదీలలో తేడా బయటపడి, చేతికి రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. ఖాళీగా ఉన్నానని ముందే చెప్పి ఉంటే వాళ్లు దాన్ని తప్పుపట్టేవారే కాదని తరువాత తెలిసింది.

ఇక అసలు పని. ఇప్పుడున్న ఫైలును దిద్దడం ఆపి, ఒక నోటుపుస్తకం తీసుకో. ఏడాది వారీగా, నీ చేతికి ఏ పని వచ్చింది, వచ్చేనాటికి అది ఏ స్థితిలో ఉంది, నువ్వేం చేశావు, విడిచిపెట్టేనాటికి ఏ స్థితికి చేరింది అన్న నాలుగు సంగతులూ గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పో. ఇది ఈ వారంలోనే చేయి, ఎందుకంటే ఆఫీసు కంప్యూటర్ చేతిలో లేని మనిషికి ఆ అంకెలూ వివరాలూ చాలా త్వరగా మసకబారతాయి. నీతోపాటు ఉద్యోగం పోయిన వారితో ఒక గంట కూర్చో. మనం చేసిన పని మనకంటే పక్క కుర్చీలోని వారికే బాగా గుర్తుంటుంది. ఆఫీసు ఫైళ్లు మాత్రం తెచ్చుకోవద్దు. నీకు ఇచ్చిన పనితీరు సమీక్షలు, ప్రశంసాపత్రాలు, నీ జ్ఞాపకం సరిపోతాయి.

ఈ కసరత్తు ఎందుకో నీ రెజ్యూమెతోనే చెబుతాను. ‘కస్టమర్ ఫిర్యాదుల విభాగానికి బాధ్యత వహించాను’ అని రాశావు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ మాట రాయగలరు. కానీ ఫిర్యాదు అందాక తొలి జవాబు వెళ్లడానికి 3 రోజులు పట్టేదనీ, నువ్వు ఫిర్యాదులను రకాలవారీగా విడదీసి ఎవరికి ఏది పంపాలో నిర్ణయించాక అదే రోజు జవాబు వెళ్లేదనీ నువ్వే నాతో ఒకసారి చెప్పావు. ఆ సంగతి రెజ్యూమెలో ఎక్కడా లేదు! అది రాయి. అంకె గుర్తులేని చోట ఊహించి వేయకు, ఎంతమందితో, ఎంతకాలం, ఎన్ని శాఖల కోసం చేశావో చెప్పినా పని పరిమాణం తెలుస్తుంది. సంస్థ బయటపెట్టని ఆదాయం లెక్కలు, కస్టమర్ల పేర్లు రాయకూడదు.

నోటుపుస్తకం నిండాక, ప్రతి ఉద్యోగ ప్రకటనకూ అందులోంచి వేరుగా ఏరుకోవాలి. లియొనార్డో డా విన్సీ 1480ల తొలినాళ్లలో మిలాన్ పాలకుడైన లుడోవికో స్ఫోర్జాను కొలువు కోరుతూ రాసిన లేఖలో, సులువుగా మోసుకుపోగల వంతెనలు, కోటలను కూల్చే పద్ధతులు, ఫిరంగుల గురించి వరుసగా రాసి, చిత్రలేఖనాన్ని చివర్లో ప్రస్తావించాడు. ఆ పాలకుడికి అప్పుడు కావలసింది యుద్ధసామగ్రి అని ఆయనకు తెలుసు. నువ్వు కూడా ప్రకటనలో వారు మొదట అడిగిన పనిని నీ అనుభవంలో మొదట కనిపించేలా పెట్టు. అదే పనికి వారు వాడిన పేరే వాడు.

దీనికి ఇంకో కారణమూ ఉంది. చాలాచోట్ల మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేరే రెజ్యూమెను విడగొట్టి చదువుతోంది. నువ్వు ఎంచుకున్న రెండు నిలువు వరుసల డిజైన్, నైపుణ్యాల పక్కన చుక్కల బొమ్మలు, పేజీ హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు దానికి సరిగా అందకపోవచ్చు. ఫైలులోని పాఠమంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడు. అక్కడ వరుస తప్పితే డిజైన్ మార్చు. పొడి అక్షరాల పేర్లను ఒకసారి పూర్తిగా విప్పి కూడా రాయి. ప్రకటనలోని మాటలన్నీ తెల్లరంగు అక్షరాలతో దాచిపెట్టమని సలహా ఇచ్చేవారుంటారు, వినకు.

మిగిలినవి చిన్న విషయాలు. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను మెరుగుపరచుకోవడమే లక్ష్యం’ అన్న పేరా తీసేసి, నువ్వు ఏ పని చేయగలవో మూడు వాక్యాలు రాయి. అడిగితే తప్ప ఫోటో, పుట్టినతేదీ వద్దు. నీ ఏడేళ్ల అనుభవానికి ఒక పేజీ చాలు. ఈ ఖాళీ నెలల్లో నిజంగా ఏదైనా కోర్సు పూర్తిచేస్తే చేర్చు, కానీ ఒక్క క్లయింటూ లేకుండా ‘స్వతంత్ర కన్సల్టెంట్’ అని రాసుకోవద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

ఈసారి రెజ్యూమె పంపకు. నోటుపుస్తకం పేజీలను ఎలా ఉన్నవి అలాగే ఫోటో తీసి పంపు, కొట్టివేతలతో సహా. నీకు చిన్నదిగా తోచి పక్కన పెట్టినవాటిలో ఏవి పైకి రావాలో ఆదివారం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య