బడి పంతులుగారి పుట్టిన తేదీ

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గరి ఒక పల్లె. మా తాతగారు ఆ ఊళ్లోనూ, పక్కనున్న మరి రెండు ఊళ్లలోనూ 1948 నుంచి 1986 వరకు ఎలిమెంటరీ బడి పంతులుగా పనిచేశారు. కాగితాల ప్రకారం ఆయన 1928 జూలై 1న పుట్టారు. మా మేనత్త మాత్రం ఆయనకు ఇంకో రెండేళ్లు ఎక్కువే ఉంటాయంటారు. 1983లో తాతగారి ఉద్యోగం పోయి, మళ్లీ వచ్చిందని నాన్నగారు చెబుతారు గాని వివరం తెలియదు. ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా రాద్దామని ట్రంకుపెట్టె తెరిస్తే సర్వీసు రిజిస్టరు నకలు, పింఛను కాగితాలు, పాత మనియార్డరు రసీదులు దొరికాయి. ఆయన్ని అడిగితే, "రాయడానికేముందమ్మా, అన్నేళ్లూ అవే ఓనమాలు, అవే ఎక్కాలు" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ మేనత్తగారి మాట దగ్గరే మొదలుపెట్టండి. ఆ కాలంలో పల్లెల్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇళ్లు తక్కువ. పిల్లవాణ్ణి బడిలో వేయడానికి తల్లి తీసుకువస్తే, ఏ పండుగకు ముందు పుట్టాడు, పెద్ద గాలివాన వచ్చిన ఏటికి నడుస్తున్నాడా, పక్కింటి పిల్లకంటే పెద్దవాడా చిన్నవాడా అని అడిగి, బడిలో చేరడానికి కావలసిన అయిదేళ్లు నిండేలా లెక్క వేసి, పంతులుగారే అడ్మిషన్ రిజిస్టరులో ఒక తేదీ వేసేవారు. మన పెద్దవాళ్లలో ఇంతమంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్టు కనబడడానికి కారణం ఇదే. మీ తాతగారి జూలై 1 కూడా ఆయన చిన్ననాటి పంతులుగారు వేసిన తేదీయే కావచ్చు. అది అబద్ధం కాదు. ఒక పిల్లవాణ్ణి బడిలో కూర్చోబెట్టడానికి అవసరమైన అంచనా. తరువాత మీ తాతగారు కూడా కొన్ని వందల మందికి అలాగే తేదీలు వేసి ఉంటారు. వారిలో ఉద్యోగాలకు వెళ్లినవారు ఏ రోజున పదవీ విరమణ చేయాలో, ఆ కలం ఆనాడే నిర్ణయించింది.

1983 సంగతి కూడా ఆ తేదీతో ముడిపడినదే. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. 1928 జూలై 1న పుట్టినట్టు రాసి ఉన్న పంతులుగారికి 1983 జూన్ నెలాఖరుకు 55 నిండుతాయి. మూడేళ్ల తరువాత వెళ్లవలసినవారు ఆ నెలాఖరుకే ఇంటికి వెళ్లవలసి వచ్చింది. 1984 ఆగస్టులో వయసు తిరిగి 58 అయింది గాని, ఈలోగా వెళ్లిపోయినవారి సంగతి 1985లో సుప్రీంకోర్టు తీర్పుతోనే తేలింది. అప్పటికింకా 58 నిండనివారికి తిరిగి విధుల్లో చేరే దారి ఏర్పడింది. మీ తాతగారు 1986 దాకా పనిచేశారన్నారు కనుక ఆయన అలా తిరిగి వెళ్లినవారే అయి ఉంటారు. సర్వీసు రిజిస్టరు చివరి పుటల్లో ఆ నమోదు ఉంటుంది. కానీ రెండేళ్లపాటు ఇంట్లో ఉన్న పంతులుగారు తెల్లవారి లేచి ఏం చేశారో, బడి ఎవరు చూసుకున్నారో, తిరిగి వెళ్లిననాడు పిల్లలేమన్నారో రిజిస్టరు చెప్పదు. అది ఆయన్నే అడగాలి.

కాగితాల విషయంలో ఒక చిక్కు ముందుగా తెలుసుకోండి. మీ తాతగారు ఊరు పెద్దగా కదలకుండానే జిల్లాలు మారారు. 1948లో పార్వతీపురం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వెళ్లి, 2022 ఏప్రిల్‌లో తానే పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఈలోగా రాష్ట్రం 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. బడి యాజమాన్యమూ అలాగే మారింది. జిల్లా బోర్డులు పోయి, 1959 చట్టంతో ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి వచ్చాయి; 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. అందుచేత పాత కాగితం ఒక కార్యాలయంలో లేదంటే అసలే లేదని అనుకోవద్దు. సర్వీసు రిజిస్టరు నకలు మీ చేతికి దొరకడం నిజంగా అదృష్టం.

అయితే నా దృష్టిలో మీకు కావలసిన అసలు పుస్తకం సర్వీసు రిజిస్టరు కాదు, బడిలోని అడ్మిషన్ రిజిస్టరు. ప్రధానోపాధ్యాయులకు ఒక ఉత్తరం రాసి, అనుమతి తీసుకొని, తాతగారి చేతిరాత ఉన్న పుటలను వారి ఎదుటే చూడండి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, మానిన తేదీ, మానిన కారణం వరుసగా ఉంటాయి. ఆ చివరి గడి దగ్గర ఆగి నిదానంగా చదవండి. కోతల కాలంలో ఎందరు మానేశారో, ఏ ఏడాది కుటుంబాలు వలస పోయాయో, ఆడపిల్లల పేర్లు మూడో తరగతి దగ్గరా నాలుగో తరగతి దగ్గరా ఎలా ఆగిపోయాయో, ఏ ఏటినుంచి ఆగకుండా అయిదు దాటాయో అక్కడ కనబడుతుంది. పుటల ఫోటోలు తీసుకొని తాతగారి ముందు పెట్టి, ఒక్కొక్క పేరు చదివి వినిపించండి. "మీ జీవితం చెప్పండి" అంటే ఏమీ లేదనే మనిషి, "ఈ పిల్ల ఎందుకు మానేసింది తాతగారూ?" అంటే తప్పక చెబుతారు.

"అవే ఓనమాలు, అవే ఎక్కాలు" అన్న మాటను కూడా అంత తేలికగా వదిలిపెట్టకండి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే గదిలో అయిదు తరగతులు కూర్చునేవి. ఒకటో తరగతి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతుండగా, రెండో తరగతి పలకల మీద గుణింతాలు రాస్తుండగా, మూడో తరగతికి లెక్క ఇచ్చి, నాలుగో తరగతి చేత పాఠం చదివించి, అయిదో తరగతిలోని చురుకైనవాణ్ణి చిన్నపిల్లల దగ్గర కూర్చోబెట్టడం ఎంత నేర్పో, చేసినవారికే తెలుసు. చిన్న బడికైనా కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు గదులు ఉండాలన్న లక్ష్యంతో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు 1987లో మొదలయ్యేసరికి మీ తాతగారి ఉద్యోగం ముగిసిపోయింది. ఆయన తన గంటలను ఎలా పంచుకున్నారో, కొండల్లోని సవర గిరిజనుల పిల్లలు వస్తే ఇంట్లో వేరే మాట మాట్లాడే బిడ్డకు తెలుగు అక్షరం ఎలా పరిచయం చేశారో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయండి. పుస్తకంలో ఎక్కువ పుటలు దీనికే కేటాయించండి.

మనియార్డరు రసీదుల్ని బట్టి ఆయన ఊరి బ్రాంచి పోస్టుమాస్టరుగా కూడా పనిచేశారేమోనని నా ఊహ. పల్లెటూరి తపాలా పని పంతులుగారి చేతిలోనే ఉండడం అప్పట్లో మామూలే. ఖరగ్‌పూర్ రైల్వేకో, కలకత్తా జూటు మిల్లులకో వెళ్లినవాళ్లు పంపిన డబ్బు ఇచ్చి, ఉత్తరం చదివిపెట్టి, జవాబు రాసిపెట్టడం కూడా ఆయన వంతే అయ్యేది. ఎన్నికలు, జనాభా లెక్కలు దీనికి అదనం.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. 1967 నుంచి 1970 వరకు మీ ప్రాంతంలో గిరిజన రైతాంగ పోరాటం సాగింది. దానికి నాయకత్వం వహించి 1970 జూలైలో మరణించిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఉపాధ్యాయులే. ఆ రోజుల్లో ఆ కొండల దగ్గర పంతులుగా ఉండడం ఏ పక్షానికి చెందనివారికైనా ఎంత బరువో ఊహించవచ్చు. తాతగారు చెబితే వినండి. మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని గౌరవించి తరువాతి ఏటి పేర్లకు వెళ్లండి.

పింఛను కాగితాల్లో ఉన్న తేదీని మాత్రం మార్చే ప్రయత్నం చేయకండి. అధికారికంగా ఆయన వయసు అదే, వయసుతో పాటు పెరిగే అదనపు పింఛనుకు కూడా అదే ఆధారం. పుస్తకం మొదటి పుటలో ఆ తేదీని వేసి, దాని కిందనే మీ మేనత్తగారి లెక్కను ఆమె మాటల్లోనే రాయండి. ఆమెకు ఆ రెండేళ్లు ఏ గుర్తును బట్టి తెలుసో ఈ వారమే అడగండి.