కాలిన చోట నొప్పి లేకపోతే తగ్గుతున్నట్టేనా?

అన్నా, మీరు రాసింది చదివాను. అమ్మ చేతి మీద కాగిన నూనె పడి నాలుగు రోజులైంది, మోచేతి కింద పొక్కులు లేచి ముట్టుకుంటే సుర్రుమంటోంది, ఒక వేలి గోరు నల్లబడింది, మణికట్టు దగ్గర మాత్రం తెల్లగా ఉంది కానీ నొప్పి లేదు, అంటే అక్కడ తగ్గుతోందని పక్కింటివాళ్లు అంటున్నారు, అంతే కదా. కాదన్నా, అది తగ్గడం కాదు. ముందు చూపించాల్సింది ఆ నొప్పి లేని చోటే, ఈరోజే చూపించండి.

మా చిన్నాయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసేవాడు. ఊక బూడిద కుప్ప పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు ఉంటుంది, అందులో ఆయన కాలు దిగబడింది. పిక్క మీద పొక్కులతో ఆయన తల్లడిల్లుతుంటే, నల్లగొండలో చూసిన సర్జన్ మాత్రం చీలమండ పైన తెల్లగా గట్టిపడ్డ చోట సూది మొన తాకించి తెలుస్తుందా అని అడిగాడు. తెలియలేదు. ఆపరేషన్ అవసరం పడింది ఆ చోటికే, పిక్క మీది పొక్కులు డ్రెస్సింగులతోనే మానాయి.

ఎందుకంటే చర్మం పై పొర చాలా పలుచన, దానికి రక్తనాళాలు కూడా ఉండవు. నరాల కొసలు, వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఎక్కువగా ఉండేది దాని కింది మందమైన పొరలో. పై పొర ఒక్కటే కాలితే ఎర్రబడి మండి వారంలో పోతుంది. కింది పొర పైభాగం దాకా పోతే పొక్కులు, తడి, భరించలేని నొప్పి, అంటే నరాలు ఇంకా బతికి ఉన్నాయన్నట్టు. ఇంకా లోతుకు పోయేకొద్దీ నరాలు కూడా కాలి నొప్పి తెలియకుండా పోతుంది.

కొత్త చర్మం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. వెంట్రుకల కుదుళ్ల గోడల్లో, చెమట నాళాల్లో పై పొర కణాలు దాగి ఉంటాయి, అవి పైకి పాకి గాయాన్ని కప్పుతాయి, అందుకే పొక్కుల చోటు రెండు మూడు వారాల్లో మానుతుంది. కుదుళ్లే కాలిపోతే చర్మం అంచుల నుంచి మాత్రమే రావాలి. అది నెలలు పట్టి, మచ్చ బిగుసుకుని కీలును లాగేస్తుంది, మణికట్టు అయితే చేయి వంగడమే కష్టమవుతుంది. చిన్నాయనకు తొడ నుంచి పలుచగా చర్మం గీసి అతికించారు. ఆ తొడ గాయం రెండు వారాల్లో మానింది, అక్కడ కుదుళ్లు మిగిలే ఉన్నాయి కాబట్టి. అతికించిన చోట మాత్రం వెంట్రుకలు రాలేదు, చెమట పట్టదు, పొడిబారి పగులుతుంది. మన వైపు 44, 45 డిగ్రీల ఎండల్లో అది చిన్న బాధ కాదు, ఇప్పటికీ రోజూ క్రీమ్ రాసి గుడ్డ కప్పుకునే బయటికి వెళ్తాడు.

నల్లబడ్డ గోరు గురించి అంత టెన్షన్ వద్దు. గోరు మొదలు చర్మం కింద ఉంటుంది, అది కాలకపోతే కొత్తది వస్తుంది, నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున, మొత్తం ఆరు నెలలు.

పసుపు, పేస్ట్, ఇంకు ఏవీ రాయకండి, రంగు కప్పేస్తే లోతు ఎంతో డాక్టర్‌కు కనపడదు. పొక్కులు చిదమొద్దు. గాజులు, ఉంగరాలు ఇప్పుడే తీసేయండి, వాపు పెరిగితే తీయడం కష్టం. ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి. అరచేయి వేళ్లతో సహా ఒంటి మీది చర్మంలో సుమారు 1 శాతం, ఆ లెక్కన అమ్మది చిన్న గాయమే అనిపించవచ్చు, కానీ చేతి కీలు మీద లోతుగా కాలితే ఆ శాతం చూసి ఊరుకోకూడదు. మీ దేవరకొండ నుంచి నల్లగొండ పెద్దాసుపత్రికి పొండి, అక్కడ వాళ్లు పంపితే హైదరాబాద్ ఉస్మానియాలో కాలినవాళ్లకు వేరే వార్డు ఉంది. మొదటి రోజు ఫొటోలు ఉంటే తీసుకెళ్లండి, కాలిన లోతు మొదటి రెండు మూడు రోజుల్లో మారుతుంది కాబట్టి అప్పుడు ఎలా ఉందో డాక్టర్ చూడాలి.