తాబేళ్ళ చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది పూసపాటిరేగ దగ్గర ఊరు. చిన్న చిన్న వెంచర్లు వేస్తుంటాను. మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసి వన్యప్రాణుల మీద పనిచేస్తానంటోంది. బీచ్ పక్కన మేం తీసుకున్న స్థలంలో తాబేళ్ళు గుడ్లు పెడతాయని లేఅవుట్‌కి అడ్డు చెప్పారు. పనులు ఆపే చదువు చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? హైదరాబాద్ పంపి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటారా?

జవాబు: డబ్బు పెట్టిన స్థలం కదలకపోతే ఏ ఇంట్లోనైనా టెన్షనే. అది అర్థమవుతోంది. కానీ ఒక్కటి ఆలోచించండి. మీరు ఆ స్థలానికి బయానా ఇవ్వకముందే ఎవరైనా వచ్చి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఒడ్డున నడిచి, గూళ్ళు ఎక్కడ పడుతున్నాయో, పోటు గీత ఎక్కడిదాకా ఉందో కాగితం మీద పెట్టి ఇచ్చి ఉంటే మీకు ఎంత మిగిలేది? ఆ పని చేసేవాళ్ళకు జీతాలిచ్చే సంస్థలు ఉన్నాయి. మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది ఆ పనే.

మీ స్థలం సంగతే తీసుకుందాం. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ చట్టంలో వేట అంటే ఉచ్చు పన్నడం, చంపడం మాత్రమే కాదు. పక్షుల, సరీసృపాల గుడ్లను పాడుచేసినా, గూళ్ళను కదిలించినా వేట కిందే లెక్క. అంటే గూడున్న చోట జేసీబీ దింపితే దింపినవాళ్ళ మీద వేట కేసు పడవచ్చు. మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు. ఇది కాక తీరంలో ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే 2019 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) నోటిఫికేషన్ ఉంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అందులో అన్నిటికంటే కఠినమైన వర్గంలోకి వస్తుంది. మిగతా పల్లె తీరంలో జనసాంద్రత తక్కువైతే పోటు గీత నుంచి 200 మీటర్లు, చదరపు కిలోమీటరుకు 2,161 మంది దాటితే 50 మీటర్లు వదలాలి. మీకు అడ్డు చెప్పినవాళ్ళు కావాలని వేధించారని అనుకోకండి, ఆ గీత నిజంగానే ఉంది.

అలాగని తాబేలు కనిపించిన ప్రతిచోటా పని ఆగిపోవాలని లేదు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతాయి. ఒడ్డు మీద దీపాలుంటే సముద్రం వదిలి రోడ్డెక్కి చచ్చిపోతాయి. ఇది తెలిసిన మనిషి ఉంటే ప్లాట్లు ఎంత వెనక్కి జరపాలో, దీపాలు ఏ వైపు తిప్పాలో, ఏ నెలల్లో మట్టి పని పెట్టుకోకూడదో డ్రాయింగ్ దశలోనే చెబుతుంది. తీర్చలేని చోట ‘ఇక్కడ వద్దండీ’ అని కూడా చెబుతుంది. నా దృష్టిలో ఆ రెండో మాటే ఎక్కువ విలువైనది, ఎందుకంటే దానివల్ల మీ డబ్బూ మిగులుతుంది, ఒడ్డూ మిగులుతుంది.

ఆ మాట సమయానికి ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో మన పక్కనే చూశాం. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంట్‌కి అనుమతి వచ్చాక, అది పనికిరాని నేల కాదు, నీళ్ళూ చేపలూ పంటా ఉన్న చిత్తడి నేల అని జనం మొత్తుకున్నారు. 2010 జూలైలో కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి రద్దయిందీ ఆ నెలలోనే. మొదట సర్వే చేసినవాళ్ళు బీలను బీలగా రాసి ఉంటే కథ అంతదూరం వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు వైపు ఎంత భూమి చేతులు మారుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడి తంపర (నీళ్ళు నిలిచే పల్లపు నేల), బీల, సరుగుడు తోట తేడా చూడగానే చెప్పగలిగే పిల్లలు కావాలి.

ఇక ఉద్యోగాలు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పోర్టులు, గనులు, విద్యుత్ ప్లాంట్లు, 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలు ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఆ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు నాబెట్ అనే అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు ఉండాలి, వాళ్ళ టీమ్‌లో ఎకాలజీ, బయోడైవర్సిటీ నిపుణులు ఉండాలి. షెడ్యూల్ వన్ జంతువు కనిపిస్తే దాని సంరక్షణ ప్రణాళిక కూడా రాయాలి. మీ అమ్మాయికి అక్కడ చోటుంది. మొదటి రెండు మూడేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోలిస్తే తక్కువే, ఆ లెక్క ముందే వేసుకోండి. అనుభవం వచ్చి నిపుణురాలిగా నివేదికలో పేరు చేరాక పరిస్థితి మారుతుంది.

ప్రభుత్వం వైపు యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్‌కి జువాలజీ డిగ్రీ సరిపోతుంది. ఏపీపీఎస్సీ రేంజ్ ఆఫీసర్ పోస్టులూ ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీర్ పోస్టులకు మాత్రం ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

చదువుకి ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గానీ జువాలజీ గానీ తీసుకోవచ్చు. పూర్తిగా వన్యప్రాణుల మీదే అయితే డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉన్నాయి. సీట్లు చాలా తక్కువ, ప్రయత్నించడంలో తప్పులేదు. ఏ కాలేజీ అయినా సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మ్యాపులు గీయడం ఇప్పటినుంచే నేర్చుకోమనండి. జనవరిలో అటవీ శాఖ తాబేలు గుడ్ల హేచరీలు పెడుతుంది, అక్కడ వాలంటీరుగా అడగమనండి. టెక్కలి పక్కన తేలినీలాపురానికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చే కాలంలో వెళ్ళి, అవి ఏ తంపరలో మేస్తున్నాయో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్కే మాట్లాడుతుంది.

మీరు అడగలేదు గానీ, ఆడపిల్ల రాత్రిళ్ళు ఒడ్డున తిరగాలా అన్న భయం మీకు ఉండే ఉంటుంది. గూళ్ళ సర్వేకి ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, అటవీ సిబ్బందితో, టీమ్‌తో వెళ్ళాలి. ఉద్యోగంలో చేరేముందు టీమ్‌లో ఆడవాళ్ళు ఎందరు, బస ఎక్కడ, వాహనం ఎవరిస్తారు అని అడగమనండి. ఇంకోటి కూడా అడగాలి: ఫీల్డ్‌కి వెళ్ళకుండానే పాత రిపోర్టులోంచి జంతువుల జాబితా ఎత్తి రాసి సంతకం పెట్టమంటారా అని. అలాంటి చోట జీతం ఎంత ఇస్తామన్నా చేరవద్దని మీరే చెప్పండి.