ఫుటీ ఫైనల్లో కొట్లాట చూశాం, బాబుని ఆ క్లబ్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మేం 491 (నగరాలకి బయట ప్రాంతాల్లో ఉండాల్సిన తాత్కాలిక) వీసా మీద ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఒక చిన్న ఊరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మావారి ఆఫీసువాళ్లు పిలిస్తే సెప్టెంబర్‌లో ఇక్కడి ఫుటీ (ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్) గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లాం. ఆటగాళ్లు పిడిగుద్దులు గుద్దుకున్నారు. ఒకతన్ని రక్తం కారుతుండగా బయటికి తీసుకెళ్లారు. బయట జనం కూడా తోసుకున్నారు. అదే క్లబ్‌లో మా ఏడేళ్ల బాబుని చేర్పించమంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: చేర్పించండమ్మా. మీరూ వెళ్తూ ఉండండి. అయితే ఆ రోజు మీరు చూసినదాంట్లో ఆట ఎంత, కొట్లాట ఎంత అన్నది ముందు తెలియాలి.

క్రికెట్‌కి అలవాటుపడ్డ మన కళ్లకి ఫుటీ మొత్తం కొట్లాటలాగే కనిపిస్తుంది. జట్టుకి 18 మంది, ఒంటి మీద హెల్మెట్ లేదు, ప్యాడ్లు లేవు. బంతి పట్టుకున్నవాణ్ణి భుజాల కింద, మోకాళ్ల పైన ఎక్కడైనా ఒడిసిపట్టి పడేయొచ్చు. బంతికి దగ్గర్లో ఉన్నవాణ్ణి పక్క నుంచి భుజంతో ఢీకొట్టొచ్చు. ఇదంతా రూల్ ప్రకారమే. తలకి దెబ్బ తగిలితే తప్పు. పిడికిలితో బంతిని కొట్టొచ్చు గానీ మనిషిని కొట్టకూడదు. అంపైర్ పసుపు కార్డు చూపిస్తే కొంతసేపు బయట కూర్చోవాలి, ఎరుపు కార్డైతే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. తర్వాత లీగ్ ట్రిబ్యునల్ (విచారణ సంఘం) ముందు హాజరు కావాల్సి రావచ్చు, క్లబ్ తీసిన వీడియో ఉంటే అదీ చూస్తారు. ఆడిన ఏళ్లన్నిటిలో పడ్డ సస్పెన్షన్లన్నీ కలిపి 16 మ్యాచ్‌లకి చేరితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

మరి ఫైనల్లోనే ఎందుకింత రెచ్చిపోతారంటే, అది సీజన్లో ఆఖరి ఆట. సస్పెన్షన్ పడినా అనుభవించేది వచ్చే ఏప్రిల్లో. పైగా రెండూ పక్కపక్క ఊళ్లు. తాతల కాలం నుంచి ఒకరి మీద ఒకరికి లెక్కలుంటాయి. ఏడాదంతా దాచుకున్న కసి ఆ మధ్యాహ్నం బయటికొస్తుంది. సోమవారం వాళ్లే ఒకే షెడ్‌లో పనిచేసుకుంటూ కనిపిస్తారు, మనకే వింతగా ఉంటుంది. అది సబబని నేననను. ముఖం పగలగొట్టి "మావాడు గట్టోడు" అని మురిసిపోయేవాళ్లు ఇక్కడా ఉన్నారు, నాకు వాళ్లంటే అస్సలు గౌరవం లేదు.

జనం సంగతికొస్తే, 1967లో టాస్మేనియాలోని బర్నీలో జరిగిన రాష్ట్ర ఫైనల్ని మించింది లేదు. విన్‌యార్డ్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. నార్త్ హోబార్ట్ ఆటగాడు కాలిన్స్ గోల్ దగ్గర్లో బంతి పట్టాడు, అంతలో ఆట ముగిసే సైరన్ మోగింది. అలా బంతి పట్టినవాడికి సైరన్ తర్వాత కూడా కిక్ కొట్టే హక్కుంటుంది. గోల్ పడితే ఆరు పాయింట్లు, గెలుపు. గోల్ తప్పి పక్క పోస్టు లోపల నుంచి పోయినా ఒక పాయింటు, సమానం. అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చి గోల్ పోస్టులే పీకేశారు! కిక్ కొట్టడం కుదరలేదు, ఆ ఏడాది టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 1990లో మెల్‌బోర్న్‌లో కాలింగ్‌వుడ్, ఎసెండన్ మధ్య జరిగిన గ్రాండ్ ఫైనల్లో అయితే మొదటి క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) అయిపోయిన విరామంలో ఆటగాళ్లే కలబడ్డారు.

ఈ విరామం సంగతి మీకు పనికొస్తుంది. ఊరి ఆటల్లో క్వార్టర్ల మధ్య జనాన్ని మైదానంలోకి రానిస్తారు. కోచ్ మాటలు వినడానికి పెద్దలు, బంతి తన్నుకోవడానికి పిల్లలు పరుగెత్తుతారు. మామూలు శనివారాల్లో బాబుని హాయిగా పంపండి, వాళ్లకి అదే పండగ. ఫైనల్ రోజు మాత్రం ఆటగాళ్లు విడిపోయి, వేడి తగ్గాక పంపండి. బీరు అమ్మే వైపు కాకుండా అవతలి వైపు, మీ కారు పక్కనే కూర్చోండి. కొట్లాట మొదలైతే మీవారు విడదీయడానికి వెళ్లకూడదు. మనవాళ్లకి ఆ మంచితనం ఎక్కువ. తోపులాటలో ఎవరు ఎవర్ని తోశారో పోలీసులకి చెప్పడం కష్టం. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి దాడి కేసు పడితే అక్కడితో ఆగదు. రేపు పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) పోలీస్ క్లియరెన్స్ ఇవ్వాలి, క్యారెక్టర్ చూస్తారు. ఒక్క గుద్దుతో ప్రాణం పోయిన కొన్ని కేసుల్లో కనీసం పదేళ్ల జైలు ఉండేలా విక్టోరియా 2014లో చట్టం చేసింది. కాబట్టి గొడవ కనిపిస్తే పిల్లాడి చెయ్యి పట్టుకుని కారెక్కడమే.

ఇంత చెప్పి కూడా క్లబ్‌కి వెళ్లమంటున్నది ఎందుకంటే, ఆ ఊళ్లో మనుషులు కలిసేది అక్కడే. గుడి, తెలుగు సంఘం మెల్‌బోర్న్‌లో ఉంటాయి, గంటల ప్రయాణం. ఒకే మైదానం దగ్గర మగవాళ్ల ఫుట్‌బాల్, పక్క కోర్టుల్లో ఆడవాళ్ల నెట్‌బాల్ జరుగుతాయి. క్యాంటీన్‌లో వంతుకి ఎప్పుడూ మనుషులు కావాలి. మీరొక పూట నిలబడితే పదిమంది పేర్లు తెలుస్తాయి. అద్దె ఇల్లు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, మంచి డాక్టరు లాంటి కబుర్లన్నీ అక్కడే. అన్నట్టు, అక్కడ అమ్మే మీట్ పైలో సాధారణంగా బీఫ్ ఉంటుంది. తినకపోతే వేడి చిప్స్ తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఎవరైనా బాబుని రంగు గురించో, దేశం గురించో ఏమైనా అంటే మాత్రం ఊరుకోకండి. 1993లో నిక్కీ విన్మార్ అనే ఆదివాసీ ఆటగాడు అలాంటి మాటలకి జవాబుగా జెర్సీ పైకెత్తి తన నల్లటి ఒంటిని వేలితో చూపించాడు. 1995లో మైకెల్ లాంగ్ అనే మరో ఆదివాసీ ఆటగాడు తనని అలా అన్నందుకు ఫిర్యాదుకి పట్టుబట్టాడు. అలాంటి మాటలకి వ్యతిరేకంగా ఈ ఆట జాతీయ లీగ్ ఏఎఫ్ఎల్ ఆ ఏడాదే నియమం తెచ్చింది. క్లబ్ ప్రెసిడెంట్‌కి రాసి ఇవ్వండి, నోటిమాటతో వదిలేయకండి.

ఇక బాబు. ఏడేళ్లవాళ్లకి ఆస్‌కిక్ అని ఉంటుంది. బంతి తన్నడం, పట్టడం నేర్పిస్తారు, మీదపడి పడేయడాలు ఉండవు. మీరు చూసిన ఆటకీ దీనికీ పోలికే లేదు. పెద్దయ్యాక ట్యాకిల్స్ (ఒడిసిపట్టి పడేయడాలు) వస్తాయి, అప్పుడు మౌత్‌గార్డ్ డెంటిస్ట్ దగ్గర అచ్చు తీయించి చేయించండి. ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అని తేలితే కనీసం 21 రోజుల దాకా మ్యాచ్ ఆడనివ్వరు. వచ్చే వారం ఫైనలుందని వాడు ఏడ్చినా, కోచ్ బతిమాలినా మీరు ఒప్పుకోవద్దు.