దమ్ముకు మొక్కల గోలీలు కొనేముందు: బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. పైన్ చెట్టు బెరడు, ద్రాక్ష గింజలు, పసుపు సారం కలిపిన గోలీల సీసా ఎవరో తెచ్చి చూపించారని, మూడు నెలలు వాడితే ఇన్‌హేలర్ అవసరమే ఉండదన్నారని రాశావు. నాకు దమ్ము, అంటే ఆస్తమా, చిన్నప్పటి నుంచీ ఉంది. సర్వీసంతా సర్కారు దవాఖాన మందుల గదిలో గడిపాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఆ గోలీలు వాడాలని ఉంటే డాక్టర్‌నడిగి వాడుకో, కానీ ఇన్‌హేలర్ మానేసి మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు.

దమ్ము ఉన్నవాళ్లకు ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచే ఉంటుంది. దగ్గు, పిల్లికూతలు లేని రోజున కూడా ఆ వాపు ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి ఘాటు తగిలినా, జిన్నింగు మిల్లు దూది దుమ్ము పోయినా, వానల తర్వాత పొలం గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి లేచినా అది ఇంకా ఉబ్బి గొట్టాలు బిగుసుకుంటాయి. వాపు ఉన్నచోట కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ ఎక్కువగా జరుగుతుందన్నది నిజమే. ఆ గోలీల్లో ఉండేవి ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు, వాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. అవి మింగితే అది తగ్గుతుందేమో అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

ఆలోచన బాగానే ఉంది. రుజువే సరిపోను లేదు. పైన్ బెరడు సారం ఫ్రాన్స్ నైరుతి తీరంలో పెరిగే చెట్ల నుంచి తీస్తారు. దాని మీద పరీక్షలు జరిగాయి, కొన్నింట్లో కొంత మేలు కనిపించింది కూడా. కానీ అవన్నీ కొద్దిమంది మీద చేసిన చిన్న పరీక్షలు. అన్నిటినీ కలిపి చూసినవాళ్లు, దీన్ని నమ్ముకుని సలహా ఇవ్వలేమన్నారు. విటమిన్ సి సంగతీ అంతే. ఉల్లిగడ్డలో ఉండే క్వెర్సెటిన్ ల్యాబ్‌లో అలర్జీ లేపే హిస్టమిన్ విడుదలను ఆపుతుంది, కానీ మనిషి మింగినప్పుడు అందులో రక్తంలోకి చేరేది తక్కువ. నీ ఇన్‌హేలర్‌లో ఉన్న బ్యుడెసొనైడ్ చూడు. ఒక్క పీల్పుకు 200 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు. అంత కొంచెమే తిన్నగా గొట్టాల్లోకి వెళ్లి ఆ వాపునే తగ్గిస్తుంది. దాన్ని మానేస్తే మొదటి వారం ఏమీ తెలియదు. వాపు మెల్లగా పెరిగి, ఒక రాత్రి ఒక్కసారిగా పట్టేస్తుంది.

మొక్కల మందులంటే నాకు చిన్నచూపు లేదు. దమ్ముకు వాడే థియోఫిలిన్‌ను 1888లో ఒక జర్మన్ శాస్త్రవేత్త మొదట తేయాకు నుంచే తీశాడు. కఫం పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం మన అడ్డసరం ఆకులోని పదార్థమే. మొక్కలో నిజంగా బలం ఉంటుంది. బలం ఉంది కాబట్టే అది మిగతా మందులతో కలిసి ఏం చేస్తుందో చూసుకోవాలి.

ఇక్కడే నీతో కాస్త ఎక్కువ మాట్లాడాలి. పసుపు సారం గోలీల్లో చాలావాటికి మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. పసుపు ఒంటికి సరిగా పట్టదు కాబట్టి పట్టించడానికి. ఆ పైపెరిన్ పసుపుతో ఆగదు, థియోఫిలిన్‌నూ రక్తంలో పెంచుతుంది. నువ్వు రాత్రిపూట డెరిఫిల్లిన్ వేసుకుంటున్నావు కదా, అందులోనూ థియోఫిలిన్ ఉంటుంది. అది హద్దు దాటితే గుండె దడ, చేతుల వణుకు, వాంతులు వస్తాయి, బాగా ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. సీసా తెచ్చినామెకు ఇది తెలిసి ఉండదు. చారులో వేసే మిరియాలతో భయం లేదు, గోలీలో పెట్టిన సారంతోనే జాగ్రత్త.

మీ మామయ్యకు కూడా ఒక సీసా ఇద్దామన్నావు. వద్దు. గుండెలో స్టెంట్ వేశాక ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ద్రాక్ష గింజల సారం, ఎక్కువ మోతాదు పసుపు వాటితో కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది. పైగా బీడీ తాగే మనిషి. పొగతాగే మగవాళ్లకు, క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్ బీటా కెరోటిన్ గోలీలిచ్చి ఫిన్లాండులో పెద్ద పరీక్ష చేశారు. 1994లో ఫలితం వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. క్యారెట్ కూర తినడం వేరు, దాని సారాన్ని గోలీగా రోజూ మింగడం వేరు. ఆయన చేత బీడీ మాన్పించు, ఆ ఇంట్లో నీ ఊపిరికీ అదే మేలు.

ఇంకో సంగతి. నీకు వయ్యారిభామ పడదు. అది చామంతి కుటుంబపు మొక్క. అలర్జీ టీలని, గోలీలని అమ్మేవాటిలో కామొమైల్, ఎకినేషియా ఉంటే అవీ అదే కుటుంబం, నీకు అలర్జీని ఇంకా లేపొచ్చు. తేనెటీగల పుప్పొడి, రాయల్ జెల్లీ అసలే ముట్టుకోకు. దమ్ము ఉన్నవాళ్లకు వాటితో ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

లేబులే లేని పొట్లాల సంగతి మరీ ఘోరం. రెండు రోజుల్లో దమ్ము మాయమైతే సంతోషపడకు, అనుమానపడు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మామూలే. ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగర్ లేస్తుంది. అది తెలిసిన తర్వాత కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్లు సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది. పొట్లం చేతపట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సీసా తిప్పి చూడు. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలి. అది హెల్త్ సప్లిమెంట్ అయితే మందుగా వాడటానికి కాదని ఇంగ్లీషులో రాసి ఉండాలి. నోటితో చెప్పేది మందనీ, సీసా మీద రాసేది మందు కాదనీ. ఫలానా రోగం నయం చేస్తామని చెప్పకూడదని ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. అందులో ఆస్తమా ఉంది.

ఇదంతా విన్నాక కూడా వాడి చూడాలనుంటే, డాక్టర్ సరేనంటే, పద్ధతిగా చూడు. ఊపిరి ఎంత జోరుగా వదలగలవో కొలిచే పీక్ ఫ్లో మీటర్ మెడికల్ షాపులో దొరుకుతుంది. నిలబడి నిండా గాలి పీల్చి, గొట్టాన్ని పెదవులతో బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకో, పొద్దున, సాయంత్రం. గోలీ మొదలుపెట్టక ముందే రెండు వారాలు రాయి, ఆ తర్వాత ఇన్‌హేలర్ ఆపకుండానే వాడుతూ రాయి. ఒకేసారి రెండు సీసాలు వద్దు, ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. మిర్చి రాశులు పోసే ఫిబ్రవరి, మార్చిలో అసలే మొదలుపెట్టకు. ఎండాకాలం ముదిరి యార్డు ఖాళీ అయితే దమ్ము దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం గోలీకి పోతుంది. ఈ లెక్క చూసుకోకనే చాలామంది సీసా మీద సీసా కొంటుంటారు. కడుపుతో ఉన్నా, అలాంటి ఆలోచన ఉన్నా ఈ గోలీల సంగతే వదిలెయ్యి.

ఆ డబ్బుతో ఇన్‌హేలర్‌కు తగిలించుకునే గొట్టం, స్పేసర్ అంటారు, ఒకటి కొనుక్కో, అల్లుడికి యార్డుకు మంచి మాస్కు కొను. అతను వచ్చీ రాగానే బట్టలు బయటే విప్పమను, ఆ కారం నీ పక్క మీదికి రానివ్వకు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎక్కువ వెయ్యి, జామకాయ, ఉసిరికాయ తిను. తిండి రూపంలో యాంటీఆక్సిడెంట్లకు నేనెప్పుడూ అడ్డు చెప్పను.

ఊదినప్పుడు అంకె నీ మంచి రోజుల అంకెలో సగానికి పడినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, వెంటనే ఊపిరి ఆడించే ఇన్‌హేలర్ (రిలీవర్) పీల్చినా తెరిపి లేకపోయినా ఆలోచించకు. 108కి ఫోన్ చేసి ఎంజీఎం దవాఖానకు వెళ్లు, ఆ తర్వాతే నాకు చెప్పు.

సీసా వెనక వైపు ఫొటో, నువ్వు వాడే మాత్రల చీటీ ఫొటో ఈ రోజే పంపు. హన్మకొండ వచ్చినప్పుడు ఇన్‌హేలర్ తెచ్చుకో, ఎలా పీలుస్తున్నావో నా ముందు చెయ్యి. మందు గొంతులోనే ఆగిపోతుందేమోనని నా అనుమానం.

మీ పెద్దమ్మ