కళాశాల క్రీడాకారులపై వికీపీడియా వ్యాసాలు రాయబోతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ కళాశాల నుంచి నలుగురు విశ్వవిద్యాలయ కబడ్డీ జట్టుకు ఎంపికయ్యారనీ, వాళ్లు సౌత్‌జోన్ పోటీలకు బయలుదేరేలోగా నలుగురి పేరిటా తెలుగు వికీపీడియాలో వ్యాసాలు పెట్టాలనుకుంటున్నావనీ రాశావు. స్నేహితుల పేరు నలుగురికీ తెలియాలన్న నీ కోరిక మంచిదే. అయితే ఆ నాలుగు వ్యాసాలూ నిలబడవని ఇప్పుడే చెప్పడం మేలు. నువ్వు రాత్రిళ్లు కూర్చుని రాశాక ఎవరో వచ్చి తొలగింపు మూస (ఈ వ్యాసాన్ని తీసేయాలని సూచించే పట్టీ) తగిలిస్తే నీకే కష్టంగా ఉంటుంది.

ఎవరు ఎంత బాగా ఆడతారన్నది అక్కడ ఎవరూ తేల్చరు. ఆ వ్యక్తితో గానీ, అతని కళాశాలతో గానీ సంబంధం లేనివారు, నమ్మదగిన పత్రికల్లోనో పుస్తకాల్లోనో, అతని గురించి వివరంగా రాశారా లేదా అన్నదే చూస్తారు. దీన్నే విషయ ప్రాముఖ్యత అంటారు. ఫలితాల పట్టికలో పేరుండటం, మ్యాచ్ వార్తలో ఒక వాక్యం రావడం వివరంగా రాయడం కిందికి రావు.

నువ్వు పంపిన మూడు పత్రికల కత్తిరింపులనే తీసుకో. మూడూ జిల్లా పేజీల్లోవే. మూడింటిలోనూ ఫోటో ఒకటే: మధ్యలో ప్రిన్సిపాల్, పక్కన ఫిజికల్ డైరెక్టర్, వెనక వరుసలో మెడలో పతకాలతో పిల్లలు. ‘విజేతలను ప్రిన్సిపాల్, అధ్యాపకులు అభినందించారు’ అన్న వాక్యం అక్షరం పొల్లు పోకుండా మూడు చోట్లా ఉంది. అంటే కళాశాల పంపిన ప్రెస్ నోటును ముగ్గురూ అచ్చువేశారు. చూడటానికి మూడు మూలాలు; విలువ కట్టబోతే ఒక్కటీ కాదు, ఎందుకంటే ఆ మాటలు కళాశాల తన గురించి తాను చెప్పుకున్నవి. పైగా అన్నింటికంటే ఎక్కువ పంక్తులు దక్కింది ముఖ్య అతిథికి! ఒక విలేకరి తనంతట తాను ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, కోచ్‌తో మాట్లాడి, ప్రత్యర్థి జట్టువాళ్లను అడిగి అరపేజీ కథనం రాస్తే, అది మూలం.

మన ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి నీకు తెలిసిందే. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అది అప్పటి జాతీయ రికార్డు 13.38 కంటే ఎంతో మెరుగు. కానీ అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు, కాబట్టి దాన్ని రికార్డుగా గుర్తించలేదు. 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లతో ఆమె ఆ పాత రికార్డును బద్దలు కొట్టినప్పుడు దేశమంతటా పత్రికలు ఆమె ఇంటి పరిస్థితినీ, శిక్షణనూ, మూడబిద్రి పరుగునూ కలిపి వివరంగా రాశాయి. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో మళ్లీ జాతీయ రికార్డు నెలకొల్పి కాంస్యం తెచ్చింది. అది విద్యార్థుల పోటీయే. అయినా ఆమె వ్యాసానికి అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేరు. మరి 2020 జనవరిలోనే వ్యాసం రాసి ఉంటే? కొంత ఆగమనే నేను చెప్పి ఉండేవాణ్ణి. ఆ పరుగు గొప్పతనం అప్పటికీ ఇప్పటికీ మారలేదు, దాని గురించి చదివి చెప్పుకోవడానికి అప్పట్లో తగినంత రాత లేదు, అంతే.

ఇంగ్లీషు వికీపీడియాలో కళాశాల క్రీడాకారుల కోసం విడిగా ఒక మార్గదర్శకం ఉంది కదా అని అడిగావు. అది ముఖ్యంగా అమెరికాను దృష్టిలో పెట్టుకుని రాసినది. అక్కడ కళాశాల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు స్టేడియాలు నిండుతాయి, టీవీలు ప్రసారం చేస్తాయి. అయోవా విశ్వవిద్యాలయానికి ఆడిన కైట్లిన్ క్లార్క్ 2024లో కళాశాల బాస్కెట్‌బాల్ పాయింట్ల రికార్డును దాటినప్పుడు, ఆమె ఇంకా వృత్తి క్రీడాకారిణి కాకముందే, పత్రికలు ఆమె గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. అయినా అక్కడ కూడా కేవలం గణాంకాలూ, మ్యాచ్ సారాంశాలూ చాలవనే ఆ మార్గదర్శకం చెబుతుంది. ఫలానా స్థాయిలో ఒక్క మ్యాచ్ ఆడితే చాలన్న తరహా వెసులుబాట్లను 2022లో సుదీర్ఘ చర్చ తర్వాత తీసేశారు కూడా. మన అంతర విశ్వవిద్యాలయ పోటీలను పత్రికలు పట్టించుకోకపోవడం అన్యాయమే. ఆ అన్యాయాన్ని సరిదిద్దవలసింది పత్రికలు. వాళ్లు రాయనిదాన్ని విజ్ఞాన సర్వస్వం తానుగా పుట్టించలేదు.

ఇంకొక విషయం నీవు ఆలోచించినట్లు లేదు. వ్యాసం ఒకసారి నిలిచిందంటే అది నీ స్నేహితుడి చేతిలోనూ ఉండదు, నీ చేతిలోనూ ఉండదు. రేపు అతను మోకాలు దెబ్బతిని ఆట మానేయవచ్చు, ఏదో వివాదంలో పేరు రావచ్చు. పత్రికలో వచ్చిన ఆ ముక్కను ఎవరైనా చేర్చవచ్చు. పందొమ్మిదేళ్ల కుర్రవాడి పేరు వెతికిన ప్రతి ఉద్యోగదాతకూ మొదట కనిపించేది అదే అవుతుంది. అడగకుండా ఎవరి జీవితచరిత్రా మొదలుపెట్టకు.

నీకు రాయాలనే ఉంటే పని చాలా ఉంది. 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం క్రీడాచరిత్ర ఉంది. 1935లో మొదలైన రోహింటన్ బారియా ట్రోఫీలో విశ్వవిద్యాలయాల క్రికెట్ కథ ఉంది. విశ్వవిద్యాలయ క్రీడాచరిత్ర లాంటి వ్యాసాల్లో విజేతల జాబితాలో నీ స్నేహితుల పేర్లకు ఒక్క మంచి మూలంతో చోటు దొరకవచ్చు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికల గురించి అడుగు. ఆట ముగించి దశాబ్దాలు గడిచినా పత్రికలు మళ్లీ మళ్లీ తలచుకున్న మన జిల్లా క్రీడాకారులు ఎవరైనా కనబడితే, నా దృష్టిలో వాళ్లకే ముందు వ్యాసం రావాలి. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ సంఖ్య అక్కడికక్కడే రాసుకో. ఫోన్‌లో ఫోటో తీసుకుంటే తేదీ తెగిపోయి ఉంటుంది.

ముందు వికీపీడియాలో నీ ప్రయోగశాల పేజీలో (చిత్తుప్రతి రాసుకునే చోట) రాసి లంకె నాకు పంపు. మీ కళాశాల గురించి ఏది రాసినా, నువ్వు అక్కడి విద్యార్థివని ఆ వ్యాసం చర్చా పేజీలో ముందే తెలియజెయ్యి. పత్రికల్లోని ఫోటోలు స్కాన్ చేసి ఎక్కించవద్దు. నువ్వు స్వయంగా తీసినవైతే, అందులో ఉన్నవాళ్లు సరేనంటే, కామన్స్‌లో (వికీపీడియా వాడుకునే ఉచిత ఫోటోల భండారంలో) పెట్టవచ్చు.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య